ఇంకెంత తగ్గాలి? హుప్సోస్ అనే గ్రీకు మాట గురించి



ఎమ్మే తెలుగు పిల్లలకు పాశ్చాత్య సాహిత్య విమర్శ చెప్తుంటాను. అందులో లాంజైనస్ ఉంటాడు. ఆయన పుస్తకం పేరును మనం 'ఉదాత్తత' అని చేసుకున్నాం గానీ గ్రీకులో అది 'పెరి హుప్సూస్', అంటే 'ఎత్తును గురించి'. కొండ ఎత్తు, గోడ ఎత్తు అంటామే, ఆ ఎత్తే. హుప్సోస్.

కిందటేడు ఈ మాట బోర్డు మీద రాస్తే వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది. "సార్, మా పాస్టరుగారు మొన్న ఆదివారం ఇదే గ్రీకు మాట చెప్పారు. తగ్గించుకుంటే హెచ్చింపబడతారంట" అంది. మంచిదే కదమ్మా అన్నాను. ఆ పిల్ల కూర్చోలేదు. "మా తాత పాలేరు సార్. మా అమ్మ కూలికి పోద్ది. మేం ఇంకెంత తగ్గాలి?"

క్లాసులో సమాధానం చెప్పలేకపోయాను. ఈ భాగం దానికోసమే.

కొత్త నిబంధనలో హుప్సోస్ అనే నామవాచకం 6 సార్లే వస్తుంది. దాని క్రియ 'హుప్సోఓ', ఎత్తడం, 20 సార్లు వస్తుంది. మన తెలుగు బైబిలు ఈ ఒక్క క్రియను రకరకాల మాటల్లో చెప్పింది. యోహాను సువార్తలో 'ఎత్తబడు'. లూకాలో మరియ పాడే పాటలో 'ఎక్కించు'. మిగతా చోట్ల ఎక్కువగా 'హెచ్చించు', దాని ఎదుట 'తగ్గించు'. హెచ్చు, తగ్గు. ఈ రెంటినీ కలిపి పలికితే మనకు వచ్చేది 'హెచ్చుతగ్గులు'. కులానికి తెలుగులో అంతకంటే పొట్టి నిర్వచనం లేదు. అంబేడ్కర్ శ్రేణీకృత అసమానత అన్నది దీన్నే.

తగ్గడానికి గ్రీకు మాట 'తపైనోస్'. మన బైబిల్లో దీనుడు అయింది. ఇప్పుడు మనకు దీనుడంటే వినయం గలవాడు, చేతులు కట్టుకుని నిలబడే మంచివాడు. ఆనాటి గ్రీకు సమాజంలో తపైనోస్ పొగడ్త కాదు, తిట్టు. తక్కువ పుట్టుకవాడు, బానిస బుద్ధి గలవాడు, లెక్కలోకి రానివాడు అని. అదొక సద్గుణమని ఏ గ్రీకు పెద్దమనిషీ అనుకోలేదు.

యూదుల లేఖనాలను క్రీస్తుకు పూర్వమే గ్రీకులోకి తెచ్చిన సెప్టువజింతులో ఈ మాట వాడుక ఇంకా తెరిపిగా కనిపిస్తుంది. హాగరు ఉంది కదా, శారా దాసి. యజమానురాలు పెట్టే బాధ భరించలేక గర్భంతో అడవికి పారిపోయిన ఆడమనిషి. ఆమె బాధకు అక్కడ వాడిన మాట 'తపైనోసిస్'. యాకోబు కూతురు దీనాను షెకెము చెరిచినప్పుడు వాడిన క్రియ ఇదే. దావీదు కూతురు తామారును ఆమె అన్న చెరిచినప్పుడూ ఇదే. అంటే ఇది మనిషి తనలో పెంచుకునే గుణం కాదు. ఒకరు ఇంకొకరికి చేసే పని.

ఇప్పుడు మరియ పాట దగ్గరికి రండి. దేవుడు తన దాసురాలి తపైనోసిస్‌ను చూశాడని ఆమె అంటుంది. తెలుగులో 'దీనస్థితి' అని ఉంది. హాగరును, తామారును ఎరిగినవాళ్ళకు ఆ మాట వినయంలా వినపడదు. తొక్కబడటంలా వినపడుతుంది. కొద్ది మాటల తర్వాత బలవంతులను గద్దెల మీద నుంచి దించటం, తపైనోస్‌లను హుప్సోఓ చేయటం పక్కపక్కనే వస్తాయి. దించకుండా ఎత్తటం ఆ పాటలో లేదు. 'దీనులు' అన్నచోట 'దళితులు' అని పెట్టి చదవండి. నేనేదో కొత్తగా ఇరికించటం లేదు, దళితుడంటే నలగగొట్టబడినవాడనే అర్థం. అనువాదకులు మూలానికి ద్రోహం చేశారని కూడా అనను. కానీ 'దీన' అనేసరికి మన చెవికి జాలి వినపడుతుంది, నేరం వినపడదు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. తగ్గించుకునేవాడు హెచ్చింపబడతాడన్న మాట సువార్తల్లో మూడు చోట్ల ఉంది. ఎవరితో అన్నాడో చూడండి. లూకా 14లో యేసు ఒక పరిసయ్యుల అధికారి ఇంట్లో విందుకు వెళ్తాడు. వచ్చినవాళ్ళు పై వరస పీటల కోసం పడే తాపత్రయం చూసి ఆ మాట అంటాడు. పంక్తి భోజనాల్లో ఎవరి ఆకు ఎక్కడ వేస్తారో చూసిన మనకు ఆ సన్నివేశాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పంక్తిలో చోటే లేని మనకు, గుమ్మం బయట నిలబడి విస్తళ్ళు ఎత్తినవాళ్ళకు, ఇంకా బాగా అర్థమవుతుంది. లూకా 18లో తాము నీతిమంతులమని నమ్మి ఇతరులను చులకన చేసేవాళ్ళతో అంటాడు. మత్తయి 23లో సభల్లో ముందు ఆసనాలు కోరే బోధకుల గురించి జనంతోనూ శిష్యులతోనూ చెప్తూ అంటాడు. మూడు చోట్లా దెబ్బ తగిలేది పై మెట్టు మీద ఉన్నవాడికే. ఆ మాటను ఊరి చివర గుడిసెలోకి తెచ్చి కూలి తల్లికి చెప్పడం మందు చీటీ ఒకరిది, మందు ఇంకొకరికి మింగించడం.

అయితే నిజాయితీగా ఇంకోటి కూడా చెప్పాలి. యాకోబు పత్రికలో, పేతురు మొదటి పత్రికలో తగ్గించుకోండి అనేది సంఘం మొత్తానికీ చెప్పిన మాటే. పేతురు పత్రికైతే బానిసలను కఠినులైన యజమానులకు కూడా లోబడి ఉండమంటుంది. అమెరికాలో బానిసల యజమానులు ఇలాంటి వాక్యాలను ఎంత వాడుకోవాలో అంతా వాడుకున్నారు. బైబిలంతా మన పక్షాన నిలబడిందని నేను చెప్పను. అదే యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో మాత్రం తపైనోస్ అయిన సోదరుణ్ణి తన హుప్సోస్ చూసుకుని గర్వపడమంటుంది, ధనికుణ్ణి తన పతనం చూసుకోమంటుంది. కిందివాడు గర్వపడాలట! ఈ వాక్యం మీద ప్రసంగం నేనింతవరకు వినలేదు.

యోహాను ఈ మాటతో చేసిన పని వేరు. హుప్సోఓ అక్కడ 5 సార్లు వస్తుంది, దాదాపు అన్నీ సిలువ గురించే. మనుష్యకుమారుడు ఎత్తబడాలి అంటాడు. ఎత్తబడటమంటే మహిమ పొందటమా, కొయ్యకు వేలాడదీయబడటమా? రెండూ. ఆది కాండంలో యోసేపు చెరసాల కథలో ఇలాంటి శ్లేష హీబ్రూలో ముందే ఉంది. ఫరో పానదాయకుడి తల ఎత్తుతాడు, అంటే కొలువు తిరిగి ఇస్తాడు. రొట్టెలవాడి తలా ఎత్తుతాడు, అంటే తీసేసి చెట్టుకు వేలాడదీస్తాడు.

రోమన్ల కాలంలో సిలువ ప్రధానంగా బానిసలకూ తిరగబడ్డవాళ్ళకూ వేసే శిక్ష. స్పార్టకస్ తిరుగుబాటు అణిగాక, క్రీ.పూ. 71లో, పట్టుబడ్డ 6000 మందిని కపువా నుంచి రోముదాకా దారి పొడుగునా సిలువ వేశారు. పైకెత్తింది అందరికీ కనపడాలనే. కింద ఉండాల్సినవాడు తల ఎత్తితే ఇదిగో, మేమే ఎత్తుతాం అనే ఎకసెక్కం అందులో ఉంది. పౌలు ఫిలిప్పీ వాళ్ళకు రాస్తూ క్రీస్తు బానిస రూపం తీసుకుని, తపైనోస్ అయి, సిలువ మరణందాకా దిగాడని, అందుకే దేవుడు ఆయన్ను 'హుపెర్ హుప్సోఓ' చేశాడని అంటాడు. అందరికంటే పైకి ఎత్తాడని. బానిసకు వేసే శిక్షకూ, దేవుడిచ్చే పదవికీ ఒకే క్రియ! నల్లజాతి వేదాంతి జేమ్స్ కోన్ 2011లో సిలువనూ, తన జాతివాళ్ళను ఉరితీసిన చెట్లనూ పక్కపక్కన పెట్టి పుస్తకం రాశాడు. మన విద్యార్థులు చదవాల్సిన పుస్తకం అది.

మన నేల మీద ఈ మాట పని చేసిన తీరు ఒంగోలు చరిత్రలో ఉంది. తాళ్ళకొండపాడు మాదిగ, తోళ్ళ వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగలు వస్తే మేం రామని ఒంగోలు పైకులాలవాళ్ళు క్లౌ దొరతో తెగేసి చెప్పారు. దొరా, దొరసానీ ఎవరి గదిలో వాళ్ళు బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు వచ్చిందని, లోకం నీచమన్నవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడనే భాగం అదని క్లౌ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. మనం గుర్తు పెట్టుకోవలసింది పేరయ్యను. దొర రాకకోసం కాచుక్కూచోకుండా ఆయనే వెతుక్కుంటూ వచ్చాడు, ఆయనే పల్లెపల్లెకూ తిరిగాడు. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నం కోసం వచ్చారని ఇప్పటికీ వెటకారం చేసేవాళ్ళున్నారు. కరువులో అన్నం అడగటం తప్పెలా అయిందో వాళ్ళే చెప్పాలి. పైగా కరువు పనులు నడిచినన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు.

నీళ్ళలోంచి లేచినవాళ్ళు నిజంగా ఎత్తబడ్డారా? బడి వచ్చింది, చదువు వచ్చింది, పేరు మారింది. కాగితం మీద మాత్రం ఇంకోలా జరిగింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లో వాళ్ళు బీసీ-సీ, 1 శాతం. మతం మారినవాడు కులం నుంచి బయటపడ్డాడని కాగితం అంటుంది. ఊళ్ళో కుళాయి దగ్గర మాత్రం ఎవరూ అలా అనుకోరు. చర్చిల్లోనే మాలలకు ఒకటి, మాదిగలకు ఒకటి ఉన్న ఊళ్ళు మీకూ తెలుసు. ఈ సంగతి మనమే మాట్లాడుకోవాలి, బయటివాళ్ళు మాట్లాడేదాకా ఆగొద్దు.

లాంజైనస్‌ను మధ్యలో వదిలేశాను. ఆయన తొమ్మిదో అధ్యాయంలో యూదుల సృష్టి కథను, వెలుగు కలగమన్న దేవుడి మాటను, ఎత్తుకు ఉదాహరణగా మెచ్చుకుంటాడు. బైబిలును అలా మెచ్చుకున్న గ్రీకు విమర్శకుడు మరొకడు నాకు తెలియదు. అదే మనిషి 43వ అధ్యాయంలో తెయోపొంపస్ అనే చరిత్రకారుణ్ణి తప్పుపడతాడు. పారశీక రాజుకు వచ్చిన కానుకలను వర్ణిస్తూ తెయోపొంపస్ బంగారు పాత్రలు, డేరాలతో మొదలుపెట్టి మసాలా దినుసులు, గోనెసంచులు, కొండల్లా పోసిన ఉప్పు పట్టించిన మాంసం దాకా వచ్చాడట. లాంజైనస్‌కు అది వంటింట్లా అనిపించింది. ఎత్తు నుంచి కిందికి జారాడన్నాడు. మన లాక్షణికులు 'గ్రామ్యం' అని దోషాల పట్టీలో వేసింది కూడా దాదాపు ఇదే. నా పీహెచ్‌డీ వైవాలో ఒక పెద్దాయన, దళిత కథల్లో ఉప్పుకండల ప్రస్తావన అంత అవసరమా అని అడిగాడు. అప్పటికి నేనీ అధ్యాయం చదవలేదు. చదివుంటే, తమరి కంటే పంతొమ్మిది వందల ఏళ్ళ ముందే ఒకాయన ఈ ప్రశ్న అడిగాడండీ అని ఉండేవాణ్ణి.

ఆ అమ్మాయి ఈ ఏడు సెమినార్ పేపరు రాస్తోంది. ఎండలో తాడు కట్టి మాంసం ఆరేసిన వాళ్ళ నాయనమ్మ గురించి. మొన్న స్టాఫ్ రూముకు వచ్చి, ఇలాంటి మాటలు రాస్తే మార్కులు తగ్గుతాయా సార్ అని అడిగింది. దిద్దేది నేనే, రాయమ్మా అన్నాను.