ఓరుగల్లు: ఒక పేరు కథ

పటం మీద మన పిల్లలు వరంగల్ అని చదువుతారు. మన పెద్దలు ఓరుగల్లు అనేవారు. కాకతీయుల రాజధాని అది. వారు మొదట అనుమకొండ నుండి ఏలారు. అక్కడి వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుని 1163 నాటి శాసనమున్నది. తరువాత రాజధాని దాపుననే ఉన్న ఓరుగల్లుకు మారింది. గణపతిదేవుడు, ఆయన కుమార్తె రుద్రమదేవి అక్కడ రాతికోట కట్టించారు.

ఆ కోటలో ఒకే బండగా లేచిన గుట్ట ఒకటున్నది. ఓరు అంటే ఒకటి, కల్లు అంటే రాయి (తాగే కల్లు కాదు సుమా!). రెండూ కలిసి ఓరుగల్లు. సంస్కృత కవులు దీనినే ఏకశిలానగరమన్నారు. జనం చెప్పే కథ వేరు: బండిచక్రపు ఇనుపకమ్మి ఒక రాతికి తగిలి బంగారమైందట! బంగారాన్ని గీసి చూసే ఒరగల్లు మాటే ఆ కథకు ఊతమై ఉండవచ్చు. కథ ముచ్చటైనదే గాని, ఏకశిల అన్న సంస్కృత నామం మొదటి అర్థానికే సాక్ష్యమిస్తున్నదని మేమనుకుంటాము.

1323లో ఢిల్లీ సేనలు కోటను పట్టుకున్నాక ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. నాణేల మీద కూడా ముద్రించారు. అయినా జనం నోట అది నిలవలేదు. పారసీ రచయితలు పాత పేరునే తమ చెవికి తోచినట్లు అరంగల్ అని రాసుకున్నారు. అరంగల్‌లోనూ, నేటి వరంగల్‌లోనూ చివరి ‘గల్’ ఆ రాయే.

కోరంగి రేవులో ఓడ ఎక్కినందుకు మారిషసులో మనవారిని కోరంగీలన్నారు. గుమాస్తాలు మన తాతల పేర్లనూ చెవికి తోచినట్లే రాసుకున్నారు. ఇంట్లో ఆనాటి కాగితాలున్న చదువరులు ఆ పేర్లు ఎలా రాసి ఉన్నవో, ఇంట్లో ఎలా పిలిచేవారో రెండూ మాకు రాసి పంపండి.