వాకిట్లోకి వచ్చిన వ్యాగన్

బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో వ్యాగన్ అన్న మాటకు చాలా ఏళ్లు ఒకటే అర్థం. రైలు పట్టాల మీద వరసగా నిలబడే ఇనుప పెట్టె. బాయి (గని) లోపల టబ్బులకెత్తిన బొగ్గు హాలేజీ తాడు పట్టుకుని పైకొచ్చి, జల్లెడ దాటి, చివరికి పడేది అందులోనే. 1980ల నుంచి వచ్చిన బాక్స్ఎన్ రకం వ్యాగన్ ఒక్కొక్కటి దాదాపు 58 టన్నులు మోస్తుంది. అలాంటివి 58 కలిస్తే ఒక రేక్.

ఇప్పుడు ఎయిటింక్లైన్ కాలనీలోనో మార్కండేయ కాలనీలోనో 'వ్యాగన్' అని వినబడితే ఎవరికీ రైలు గుర్తుకు రాదు. ఇంటి ముందు, వేపచెట్టు నీడన ఆగి ఉన్న కారు గుర్తుకొస్తుంది. మాట అదే. అది మోసే బరువు మారింది, దాని యజమానీ మారాడు.

ఇంకో సంగతి ఉంది. స్టేషన్ వ్యాగన్ అనే కారుకు ఆ పేరు పెట్టిందీ రైలే. అమెరికాలో రైలు దిగిన వాళ్లనూ వాళ్ల పెట్టెబేడలనూ స్టేషన్ నుంచి ఇళ్లకూ హోటళ్లకూ చేర్చడానికి చెక్క ఒళ్లున్న బండ్లు నడిచేవి. వెనక డిక్కీ వేరుగా ఉండదు, కప్పు చివరిదాకా సాగి ఉంటుంది, మనుషులూ సామానూ ఒకే కప్పు కింద. 1929లో ఫోర్డ్ తన మోడల్ ఎ లో అలాంటి బండిని పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది.

సరిగ్గా ఆ కాలంలోనే కాజీపేట – బల్లార్షా రైలు మార్గం పూర్తయి, రామగుండం మీదుగా మద్రాసు – ఢిల్లీ దారి తెరుచుకుంది. ఈ గనులు నడిపే సింగరేణిలో ఎప్పుడూ రైలు వెంటే బొగ్గు, బొగ్గు వెంటే రైలు. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు పొరలు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి తవ్వే హక్కు దక్కింది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టింది. 1960ల తొలి ఏళ్లలో రామగుండం ప్రాంతంలో ఒక్కొక్క ఇంక్లైన్ (ఏటవాలు దారి గని) తెరుచుకుంటూ పోయి, గోదావరి ఒడ్డున ఆ నది పేరుతోనే ఓ కొత్త ఊరు లేచింది.

ఆ ఊళ్లో కారు అంటే కంపెనీ. కార్మికుడు బాయి మీదికి నడిచి వచ్చాడు, తర్వాత సైకిల్ మీద వచ్చాడు, ఆ తర్వాత స్కూటర్ మీద. జీపు మేనేజర్‌ది, అంబాసిడర్ ఆ పైవాళ్లది. దేశమంతటా పరిస్థితి అదే. 1980ల మొదటిదాకా కారు కొనాలంటే అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ తప్ప వేరే దిక్కు లేదు, డబ్బు కట్టినా ఏళ్లకేళ్లు ఎదురుచూపు. కార్మికుల క్వార్టర్లు ఆ రోజుల లెక్కతోనే కట్టారు. రెండు గదులు, చిన్న వాకిలి, సైకిల్ ఆనించుకోవడానికి గోడ. ఇక్కడ బతికేవాడు ఏదో ఒక రోజు కారు కొంటాడని ఆ నక్షా గీసినవాళ్లకు తోచి ఉండదు.

కారు లేకపోయినా ప్రయాణాలు లేకపోలేదు. ఖని కుటుంబాలు చాలావరకు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవే. రెండేళ్లకోసారి మేడారం జాతరకు పోవాలి. వేములవాడ రాజన్నకు కోడె కట్టాలి, కొండగట్టుకు పోవాలి, ధర్మపురిలో గోదావరి స్నానం చేయాలి. పోతే ఇంటిల్లిపాదీ పోవాలి. ముసలమ్మ, పసిపిల్లలు, ఆడబిడ్డ కుటుంబం, వండుకునే గిన్నెలు, బియ్యం మూట, అమ్మవారికి ఎత్తు బంగారంగా ఇచ్చే బెల్లం, ఒకటో రెండో కోళ్లు. ఈ బరువంతా మోసింది బస్సులూ, ట్రెక్కర్లూ, కిక్కిరిసిన జీపులూ. ఒకే కప్పు కింద మనుషులూ సామానూ సర్దుకునే బండి అవసరం షోరూమ్‌లో పుట్టలేదు. జాతర తొవ్వలో పుట్టింది.

1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది, మరుసటి ఏడాది మారుతి వ్యాన్. ఖని చుట్టూ కూడా కొత్త జీతాలు పుట్టిన రోజులవి. ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది, ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం తొలి యూనిట్ 1983లో వెలిగింది. అసలైన స్టేషన్ వ్యాగన్ రూపంలో 1992లో టాటా ఎస్టేట్, 2004లో ఇండిగో మెరీనా వచ్చాయి గానీ నిలదొక్కుకోలేదు. పొడుగూ ఎక్కువ, ధరా ఎక్కువ. వెనక డిక్కీ విడిగా పొడుచుకొచ్చి కనబడితేనే నిండైన కారు అనుకునే చూపు అప్పట్లో బలంగా ఉండేది కూడా. 1999 డిసెంబర్‌లో మారుతి తెచ్చిన వ్యాగనార్ వేరే దారి పట్టింది. పొడుగు పెంచకుండా ఎత్తు పెంచింది. పంచె కట్టిన తాతా, మోకాళ్ల నొప్పుల నానమ్మా నడుము వంచకుండా ఎక్కి దిగగలిగారు. ఈ కారు గెలుపులో ఆ ఎత్తుకు దక్కాల్సిన పేరు దక్కలేదు.

2006 బడ్జెట్‌లో పొడుగు నాలుగు మీటర్లు దాటని చిన్న కార్లకు సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది. ఆ గీత లోపలే ఎక్కువ చోటు ఎలా ఇరికించాలా అని కంపెనీలు తలలు పట్టుకున్నాయి. 2019లో వచ్చిన రెనో ట్రైబర్ ఆ గీత దాటకుండానే ఏడు సీట్లు అమర్చింది. వ్యాగనారైతే 2021–22 నుంచి వరసగా నాలుగు ఆర్థిక సంవత్సరాలు దేశంలోనే అత్యధికంగా అమ్ముడైన కారు.

బండి వస్తే చాలదు, కొనే చెయ్యి ఉండాలి. 1990లలో సింగరేణి నష్టాల్లో మునిగి ఖాయిలా సంస్థల జాబితాకెక్కింది. అక్కడి నుంచి తేలాక లాభాల్లో కార్మికుడికి వాటా ఇచ్చే పద్ధతి వచ్చింది. అది దసరా ముందు చేతికందుతుంది కాబట్టి ఖనిలో పెద్ద కొనుగోళ్ల కాలం దసరానే. 2023లో పదకొండో వేతన ఒప్పందం కుదిరి 23 నెలల బకాయి ఒక్కసారే, దాదాపు 1,450 కోట్లు, కార్మికుల ఖాతాల్లో పడింది. 2024లో విస్తరణకు తీసిపెట్టగా మిగిలిన లాభాల్లో 33 శాతం, అంటే 796 కోట్లు పంచారు. పండుగనాటికి కొత్త కార్ల బానెట్ల మీద పసుపు కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు, బండి చుట్టూ తిప్పి కొట్టిన గుమ్మడికాయ. ఆ క్వార్టర్ల సందుల్లో ఇప్పుడు కారు ఆపడానికి చోటు వెతుక్కోవాలి.

భూమి అడుగున మూడు షిఫ్టుల్లో ఒళ్లు హూనం చేసుకున్న మనిషి కొడుకు, అదే బాయిలో తండ్రి స్థానంలో దక్కిన డిపెండెంట్ ఉద్యోగం చేస్తూ తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోవడం చిన్న సంగతి కాదు. ఒకప్పుడు రాత్రిపూట జ్వరం వస్తే కంపెనీ బండి కోసం ఎదురుచూడటమే దారి.

అయితే ఈ కథ బాయి మీద పనిచేసే అందరిదీ కాదు. 1990లలో లక్ష దాటి ఉన్న పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు దాదాపు 40 వేలు. ఓపెన్‌కాస్ట్ గనులు వచ్చాక మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టుకు పోయింది. 2024లో పర్మినెంట్ కార్మికుడికి లాభాల వాటాగా సగటున 1.90 లక్షలు అందాయి. అదే దసరాకు, సంస్థ చరిత్రలోనే మొదటిసారిగా, 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకూ కొంత ఇచ్చారు. తలా 5 వేలు.