స్ట్రట్ ఒక కారుది, లోపలి షాక్ ఇంకో కారుది: డాట్సన్ 240జెడ్ చెప్పే కథ

కారు ఎత్తు తగ్గించాలి, ఏం చేయాలి అని ఎవర్ని అడిగినా ముందు వచ్చే మాట కాయిలోవర్ స్లీవ్. థ్రెడ్ కోసిన ఒక అల్యూమినియం గొట్టం, దాని మీద తిరిగే ఒక నట్టు, ఆ నట్టు మీద కూర్చునే స్ప్రింగ్. నట్టు కిందికి తిప్పితే కారు దిగుతుంది, పైకి తిప్పితే లేస్తుంది. ఇంత సింపుల్. మరి ఈ పని బాగా తెలిసినవాళ్లు స్లీవ్‌తో ఎందుకు ఆగలేదు? వేరే కారు షాక్ తెచ్చి ఇందులో ఎందుకు దింపారు? ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందు స్ట్రట్ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే అమెరికాలో జనరల్ మోటార్స్ షెవర్లే కాడెట్ అనే చిన్న, చవక కారు మీద పని మొదలుపెట్టింది. దానికి చీఫ్ ఇంజనీర్ ఎర్ల్ మెక్‌ఫర్సన్. 1947లో ఆ ప్రాజెక్ట్ ఆగిపోయింది, ఆయన ఫోర్డ్‌కి వెళ్లిపోయారు. 1950లో బ్రిటన్‌లో వచ్చిన ఫోర్డ్ కాన్సల్‌తో ఆయన డిజైన్ రోడ్డెక్కింది.

ఆయన ఐడియా ఏంటంటే, ఒకే గొట్టంతో మూడు పనులు చేయించడం. షాక్ అబ్జార్బర్ అదే, స్ప్రింగ్‌ని మోసేది అదే, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగేదీ దాని చుట్టూనే. పైన ఉండే సస్పెన్షన్ ఆర్మ్ అవసరమే లేదు. పార్టులు తక్కువ, ఖర్చు తక్కువ, ఇంజన్‌కి చోటు ఎక్కువ. 1983లో వచ్చిన మన మారుతి 800 ముందు చక్రాలకి ఉన్నదీ ఇదే మెక్‌ఫర్సన్ స్ట్రట్.

ఇప్పుడు మన హీరో. 1969 చివర్లో నిస్సాన్ జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్‌ని విడుదల చేసింది. అమెరికాలో దాని పేరు డాట్సన్ 240జెడ్, ధర 3,526 డాలర్లు. 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు, వెనక కూడా స్ట్రట్లే. ప్రతి గొట్టం మీదా స్ప్రింగ్ కూర్చునే పళ్లెం లాంటి సీటుని ఫ్యాక్టరీలోనే వెల్డింగ్ చేసేశారు. సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, కారు ఎత్తుని హార్డ్‌కోడ్ చేశారు.

కానీ ఆ కారు పడిన రోడ్లు చూడండి. అమెరికాలో పీటర్ బ్రాక్ టీమ్ తరఫున జాన్ మోర్టన్ 1970, 1971లో వరుసగా సీ ప్రొడక్షన్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. అది నున్నటి ట్రాక్, కారు నేలకి ఎంత దగ్గరుంటే అంత మంచిది. అదే మోడల్ ఆఫ్రికాలో సఫారీ ర్యాలీని 1971లో, 1973లో గెలిచింది. 1973లో నడిపింది శేఖర్ మెహతా, ఉగాండాలో పుట్టిన భారత సంతతి డ్రైవర్. అక్కడ గుంతలు, బురద, రాళ్లు. చక్రం పైకీ కిందికీ బాగా ఆడాలి. ఒకే కారుకి రెండు చోట్ల రెండు ఎత్తులు కావాలి. ఫ్యాక్టరీ సీటు మాత్రం ఒక్క చోటే ఉంటుంది.

అందుకే ఇంట్లో, గ్యారేజీలో ఈ కారుని ట్రాక్ కోసం కట్టుకునేవాళ్లు ఆ సీటుని కోసేశారు. గొట్టాన్ని నున్నగా గ్రైండ్ చేసి, కింద ఆనుకోడానికి ఒక చిన్న రింగు పెట్టి, పైనుంచి స్లీవ్ దింపారు. దాని మీద రెండున్నర అంగుళాల, అంటే 63.5 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న రేసింగ్ స్ప్రింగ్. ఈ సైజులో రకరకాల గట్టిదనం ఉన్న స్ప్రింగులు దొరుకుతాయి.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. నట్టు తిప్పి కారుని స్ట్రట్ దగ్గర 50 మిల్లీమీటర్లు దించారనుకుందాం. స్ప్రింగ్ కిందికి జరిగింది, కానీ షాక్ పొడవు మారలేదు. దాని రాడ్ ఇప్పటికే 50 మిల్లీమీటర్లు లోపలికి దిగి ఉంది. గుంత వచ్చినప్పుడు దిగడానికి చోటేది? రాడ్ అడుగుకి కొట్టుకుంటుంది. ఆ క్షణంలో స్ప్రింగూ లేదు, షాకూ లేదు. దెబ్బ నేరుగా బాడీకి తగులుతుంది. మలుపులో అలా జరిగితే టైరు పట్టు ఒక్కసారిగా పోవచ్చు.

దీనికి వాళ్లు కనిపెట్టిన మందు, గొట్టాన్నే కొంత కోసి పొట్టిగా చేసి మళ్లీ వెల్డింగ్ చేయడం. మరి లోపలి షాక్ కూడా పొట్టిది కావాలి కదా? 240జెడ్‌లో ఒక సౌకర్యం ఉంది. పై నట్టు విప్పితే లోపలి షాక్, అంటే ఇన్సర్ట్, విడిగా బయటికి వస్తుంది. లావు, పొడవు, రాడ్ సరిపోతే చాలు, అది ఏ కారుదైనా దిగుతుంది. అలా ఫోక్స్‌వ్యాగన్ మొదటి తరం గోల్ఫ్ ఇన్సర్ట్‌లు, టొయోటా మొదటి ఎమ్ఆర్2 ఇన్సర్ట్‌లు డాట్సన్ గొట్టాల్లోకి వచ్చాయి. పొడవు కాస్త తక్కువైతే అడుగున స్పేసర్ పెట్టారు.

సైజు సరిపోయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. గోల్ఫ్ తేలికైన కారు, దాని షాక్ ఆ బరువుకి తగ్గట్టు తయారైంది. గట్టి స్ప్రింగ్ వేసి బలహీనమైన షాక్ పెడితే, నొక్కుకున్న స్ప్రింగ్ తిరిగి లేచేటప్పుడు ఆపేవాడు ఉండడు, కారు ఎగురుతూనే ఉంటుంది. కారు దిగితే కింది ఆర్మ్ కోణం కూడా మారుతుంది. గుంతల్లో స్టీరింగ్ తనంతట తానే కొంచెం లాగుతుంది. దానికి మళ్లీ వేరే స్పేసర్లు. మెక్‌ఫర్సన్ మూడు పనులు ఒకే గొట్టంలో పెట్టాడు కాబట్టి, ఒకటి కదిలిస్తే మిగతా రెండూ కదులుతాయి. ఖర్చు తగ్గించిన ఐడియాకి మనం వెనక్కి కట్టే వడ్డీ అన్నమాట.

నాకైతే ఈ చరిత్రలో నచ్చేది ఆ తర్కమే. వేరే కారు పార్ట్ పెట్టింది స్టైల్ కోసం కాదు, పోయిన ఆ 50 మిల్లీమీటర్లని తిరిగి తెచ్చుకోడానికి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో స్లీవ్ ఒక్కటే కొని, పాత షాక్ మీదే వేసి, స్పీడ్ బ్రేకర్ల మీద తిరిగేవాళ్లు కథలో సగమే ఫాలో అవుతున్నారు. పైగా మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది. ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది.

ట్రాక్ కారుకి స్లీవ్ వేసే ఆలోచన ఉంటే ఒక చిన్న పరీక్ష చెప్తాను. షాక్ రాడ్‌కి అడుగున ఒక ప్లాస్టిక్ జిప్ టై బిగించి, కారుని మామూలుగా నడిపి వచ్చి చూడండి. ఆ టై ఎంత పైకి జరిగిందో, షాక్ అంత దిగినట్టు. ఇంకా పైన మిగిలింది ఎంతో కొలవండి. ఆ అంకె తెలిశాకే నట్టు మీద చెయ్యి వేయండి. మళ్లీ కలుద్దాం.