పెంపకపు చేపల్లో ఆహారలోప శుక్లం

పెంపకపు చేపల మేతలో పోషకాలు లోపించడం వల్ల కంటి కటకం తెల్లగా మసకబారే వ్యాధి ఆహారలోప శుక్లం. జింకు, రైబోఫ్లేవిన్, మిథియోనైన్, ట్రిప్టోఫాన్ లోపాలు దీనికి ముఖ్య కారణాలు. 1990లలో ఐరోపాలో సాల్మన్ మేత నుంచి పశువుల రక్తపు పొడిని తొలగించాక హిస్టిడిన్ అనే పోషకం తగ్గి శుక్లాలు పెరిగాయి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ చెరువుల్లో పెరిగే బొచ్చె, రోహు చేపలకు ప్లవకాల ద్వారా సహజ పోషకాలు అందుతాయి. చేపలను దట్టంగా వదిలి తవుడు, పల్లిచెక్కలతోనే పెంచితే ఆ సహజ పోషణ తగ్గుతుంది. తవుడులోని ఫైటిక్ ఆమ్లం జింకు శోషణను అడ్డుకుంటుంది. మేతలో ఖనిజ, విటమిన్ మిశ్రమం కలపడం నివారణ మార్గం. ముదిరిన శుక్లం నయం కాదు. చూపు తగ్గిన చేప మేత అందుకోలేక ఎదుగుదల కోల్పోతుంది. డిప్లోస్టోమమ్ అనే పరాన్నజీవి వల్లా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కనుక కటక పరీక్షతోనే కారణం నిర్ధారించాలి.