తాబేలు నేర్పిన రేఖాగణితం

రేఖాగణితమంటే మనలో చాలమందికి బడినాటి భయమే గుర్తుకు వస్తుంది. సిద్ధాంతాన్ని కంఠస్థం చేయడం, పరీక్షలో అప్పజెప్పడం - అంతే. పిల్లలు తమ కాళ్ళతో నడిచి నేర్చుకోగల శాస్త్రమిదని చాటినవారిలో ముఖ్యుడు మన దక్షిణాఫ్రికాలో పుట్టినవాడు కావడం మనకు సంతోషకరం.

ఆయన పేరు సీమూర్ పాపర్ట్. 1928లో ప్రిటోరియాలో జన్మించాడు. జొహానెస్‌బర్గులో విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. వర్ణవివక్షను ఎదిరించిన యువకులలో ఒకడు. తరువాత జెనీవాలో పియాజే వద్ద, పిల్లల బుద్ధి ఎలా వికసిస్తుందో పరిశీలించి అమెరికా చేరాడు. 1967లో అక్కడ వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సోలమన్‌లతో కలిసి పిల్లల కొరకు ‘లోగో’ అనే కంప్యూటరు భాషను రూపొందించాడు.

కొద్ది ఏళ్ళకే ఆ భాషకు ఒక తాబేలు తోడయింది. మొదట అది నేలమీద పాకుతూ గీతలు గీసే మరబొమ్మ. తరువాత కంప్యూటరు తెరమీద చిన్న త్రికోణమై నిలిచింది. దానికి తెలిసిన పనులు కొన్నే: నడవడం, తిరగడం, కలం ఎత్తడం, దించడం. ‘100 అడుగులు ముందుకు నడు, 90 డిగ్రీలు కుడికి తిరుగు’ అని నాలుగుసార్లు చెబితే చతురస్రం వస్తుంది.

త్రిభుజం దగ్గర అసలు పాఠం మొదలవుతుంది. పుస్తకంలో కోణం 60 డిగ్రీలని చూసి, పిల్లలు తాబేలును 60 డిగ్రీలే తిరగమంటారు. అది షడ్భుజిలో సగం గీసి ఆగిపోతుంది. లేచి తామే నడిచి చూస్తే తెలుస్తుంది - మూలమూలకూ తిరగవలసింది 120 డిగ్రీలని. మూడు 120లు 360. నాలుగు 90లూ 360. ఐదు మొనల నక్షత్రానికి 144 చొప్పున ఐదుసార్లు తిరగాలి. మొత్తం 720, అంటే రెండు పూర్తి చుట్లు. తప్పు సిగ్గుపడవలసినది కాదు, సరిదిద్దుకుంటూ నేర్చుకొనే దారి అని పాపర్ట్ 1980లో తన ‘మైండ్‌స్టార్మ్స్’ గ్రంథంలో వివరించాడు.

ఇదంతా మనకు కొత్తా? చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికలు తిప్పి, బయలుదేరిన చోటికే గీతను చేర్చే మన ముగ్గులోనూ ఇదే నడక ఉన్నది. దానికి సోదరి వంటి తమిళుల కోలాన్ని గణిత నియమాలలో వర్ణిస్తూ గిఫ్ట్ సిరోమని, రాణి సిరోమని, కమలా కృతివాసన్ 1974లోనే ఒక వ్యాసం ప్రచురించారు.

పాపర్ట్ 2016లో కన్నుమూశాడు. ఆయన తాబేలు మాత్రం నేడు పైథాన్ భాషలోనూ నడుస్తున్నది. 1860 నుండి నేటాలు చెరకుతోటలకు వచ్చిన మన పెద్దల భాష మన ఇళ్ళలో పలచబడింది. అమ్మమ్మకు కంప్యూటరు తెలియదు, మనవరాలికి తెలుగు రాదు. ఈ పండుగకు ఇద్దరినీ ఒక ముగ్గు దగ్గర కూర్చోబెట్టండి. అమ్మమ్మ ‘ముందుకు, కుడికి, ఎడమకు’ అని చెప్పాలి. మనవరాలు ఆ ప్రకారం తాబేలును నడపాలి. గణితంతో పాటు మూడు తెలుగు మాటలైనా ఆ పిల్ల నోట నిలుస్తాయి.