రెండు బ్యాటరీల కోసం పుట్టిన నంబర్: 1/35 కథ

ముందు నా టేబుల్ మీద ఉన్నది చూడండి. ఇది జర్మన్ పాంథర్ ట్యాంకు. ముక్కలు కత్తిరించి, అంచులు రుద్ది, అతికించి, రంగు వేసేసరికి మూడు వారాలు పట్టింది. అసలు పాంథర్ పొడవు ఫిరంగి గొట్టంతో కలిపి 8.66 మీటర్లు. ఇది 25 సెంటీమీటర్ల లోపే. బాక్స్ మీద 1/35 అని ఉంది కదా, అంటే అసలు దానిలో 35వ వంతు అన్నమాట.

ఇక్కడే నాకో డౌట్ వచ్చింది. కార్ల కిట్లు ఎక్కువగా 1/24లో వస్తాయి. దాని లెక్క సింపుల్: అసలు కారులో ఒక అడుగుకి మోడల్‌లో అరంగుళం. 1/48 అంటే అడుగుకి పావు అంగుళం. మరి 35 ఏంటి? అంగుళాల్లో చూసినా, సెంటీమీటర్లలో చూసినా రౌండ్ ఫిగర్ రాదు. అయినా ట్యాంకుల కిట్లలో ఎక్కడ చూసినా ఇదే స్కేలు. ఎందుకు?

జవాబు జపాన్‌లోని షిజువోకాలో ఉంది. 1945 జూన్‌లో బాంబులకు కాలిపోయిన ఊరు అది. మరుసటి ఏడాది యోషియో తమియా అక్కడ కలప వ్యాపారం పెట్టారు. పక్కనే చెక్క మోడల్స్ కూడా చేసేవారు. 1951లో అగ్నిప్రమాదం జరిగి కలపంతా బూడిదైంది. 1953కల్లా కలప కోత ఆపేసి, పూర్తిగా మోడల్స్ మీదే పడ్డారు.

ఈలోపు అమెరికా నుంచి ప్లాస్టిక్ కిట్లు దిగాయి. చెక్క బొమ్మలు ఎవరికి కావాలి ఇక? యోషియో గారి కొడుకు షున్‌సాకు కూడా వ్యాపారంలోకి వచ్చారు. 1960లో యమాటో యుద్ధనౌకతో తమ మొదటి ప్లాస్టిక్ కిట్ తెచ్చారు. అదే టైమ్‌కి ఇంకో కంపెనీ అదే నౌకని తక్కువ ధరకి దించింది. వీళ్లూ రేటు తగ్గించక తప్పలేదు. అచ్చుల ఖర్చు కూడా వెనక్కి రాలేదు.

ఈ భాగం చదువుతుంటే నాకు నేనే గుర్తొచ్చాను. జాబ్ మానేసి ఎనిమిది నెలలు కష్టపడి చేసిన నా మొదటి సిరీస్‌ని చూసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాన్న తిట్టలేదు. "ఏరా, ఆఫర్ ఏమైనా వచ్చిందా?" అని మాత్రం ఆదివారం ఆదివారం అడిగేవారు. అదే ఎక్కువ గుచ్చుకునేది.

తమియా వాళ్లని ఒక చిన్న రేసు కారు బొమ్మ కాస్త ఒడ్డున పడేసింది. ఆ ధైర్యంతో 1961లో పాంథర్ దించారు. ఇది మోటార్‌తో నడిచే ట్యాంకు. లోపల రెండు బ్యాటరీలు పట్టాలి. వాటికి సరిపోయే సైజులో బాడీ గీశారు, అంతే! బొమ్మ బాగా అమ్ముడుపోయింది. మిగతా దేశాల ట్యాంకులూ అదే సైజులో చేద్దామనుకుని షున్‌సాకు కొలిచి చూస్తే, సుమారు 1/35 అని తేలింది.

మన భాషలో చెప్పాలంటే, ఎవరో అవసరానికి హార్డ్‌కోడ్ చేసిన నంబర్ ప్రపంచానికి స్టాండర్డ్ అయిపోయింది. ఇటలీ, కొరియా, చైనా కంపెనీలు కూడా అదే పట్టుకున్నాయి. స్కేలు అనుకోకుండా వచ్చినా, కొలతల విషయంలో మాత్రం తమియా తర్వాత రాజీ పడలేదు. 1976లో వచ్చిన 1/12 పోర్షా 934 కిట్ కోసం షున్‌సాకు నిజమైన పోర్షా 911నే కొని, విప్పదీసి చూశారు.

ఒక్క మాట దాచకుండా చెప్తాను. పాంథర్‌కి రంగు వేస్తుంటే చెయ్యి ఆగింది. ఇది హిట్లర్ సైన్యం నడిపిన బండి. నేను దాని చక్రాలకి ముచ్చటగా బురద రంగు పూస్తున్నాను. దీనివల్ల పోయిన మనుషులు ఏ బాక్స్‌లోనూ రారు. అందుకే ఇప్పుడు ఏ కిట్ మొదలుపెట్టినా, ముందు ఆ బండి ఎక్కడెక్కడ తిరిగిందో చదువుతాను.

ఈరోజు యుక్రెయిన్‌లో కీవ్ కంపెనీలు 1/35 కిట్లు చేస్తున్నాయి. రష్యా కంపెనీ జ్వెజ్దా కూడా అదే స్కేలులో చేస్తోంది. బయట యుద్ధం నడుస్తూనే ఉంది. నా షెల్ఫ్‌లో మాత్రం రెండు దేశాల బళ్లూ ఒకే కొలతలో పక్కపక్కనే ఉన్నాయి.

షున్‌సాకు గారు 2025 జూలైలో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మీ మొదటి ప్రయత్నం ఫెయిలైందా? ఆ తర్వాత ఏం చేశారో కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతాను. ఉంటాను మరి.