నలభై గజాల కొలత

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో అనే ఊరుంది. అక్కడ తెలుగువాళ్ళు ఎంతమంది ఉంటారో కొత్తగా చెప్పక్కర్లేదు. ఇది చదువుతున్నవాళ్ళలో సగంమందికి అక్కడో, ఆ పక్క ప్లేనోలోనో ఒక అన్నయ్యో, పిన్నికూతురో ఉండే ఉంటారు. ఆ ఫ్రిస్కోలోనే డాలస్ కౌబాయ్స్ అనే ఫుట్‌బాల్ టీమ్ హెడ్‌క్వార్టర్స్ ఉంది. మనవాళ్ళు శనివారం సాయంత్రం అటు వెళ్తారు, తింటారు, ఫొటోలు దిగుతారు. ఆట మాత్రం అంతగా పట్టించుకోరు. అందులో తప్పేం లేదు, చిన్నప్పుడు అబ్బని ఆట పెద్దయ్యాక పట్టుబడటం కష్టమే. కానీ ఆ టీమ్ చరిత్రలో మనకి పట్టవలసిన ఇద్దరు మనుషులు ఉన్నారు. ఒకాయన అలీగఢ్‌లో చదువుకున్న స్టాటిస్టిక్స్ మనిషి. రెండోవాడు ఆయన పెట్టిన జల్లెడలోంచి జారి కిందపడిన డాలస్ కుర్రాడు. వాళ్ళిద్దరి మధ్యా ఇరవయ్యేళ్ళ దూరం ఉంది. ఒకరినొకరు కలిశారని నేనెక్కడా చదవలేదు. అయినా ఇద్దరిదీ ఒకే కథ అని నాకనిపిస్తుంది.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. అమెరికాలో ప్రొఫెషనల్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్ళని వేలంలో కొనుక్కోవు, వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. కిందటేడాది అందరికన్నా అధ్వానంగా ఆడిన టీమ్‌కి మొదటి వంతు. ఈ ఆలోచన ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బర్ట్ బెల్‌ది. 1936 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. బోర్డు మీద తొంభై పేర్లు రాశారు. వాటిలో చాలామంది ఆట ఆ గదిలో ఉన్నవాళ్ళు కళ్ళారా చూసి ఉండరు, పేపర్లో చదివిందే ఆధారం. మొట్టమొదట ఎంపికైన జే బర్వాంగర్ అసలు ప్రొఫెషనల్ ఆటే ఆడలేదు. జీతం సరిపోదనుకుని వేరే ఉద్యోగం చూసుకున్నాడు.

ఇక కార్నర్‌బ్యాక్. మైదానం అంచున నిలబడి, అవతలి టీమ్ రిసీవర్‌కి బంతి అందకుండా చూసేవాడు. రిసీవర్‌కి తను ఎటు పరిగెత్తాలో, ఎక్కడ మలుపు తిరగాలో ముందే తెలుసు. కార్నర్‌బ్యాక్‌కి తెలీదు. తెలియకుండానే వెనక్కి వెనక్కి పరిగెత్తుతూ, అవతలివాడు తిరిగిన క్షణంలో తనూ తిరగాలి. బంతి గాల్లో ఉండగా తనే అందుకుంటే అది ఇంటర్‌సెప్షన్, ఆట మొత్తం తలకిందులవుతుంది. తప్పితే మాత్రం వేలమంది చూస్తుండగా ఒంటరిగా దొరికిపోతాడు. గోల్‌కీపర్ కష్టం లాంటిదే, కాకపోతే గోల్‌కీపర్ వెనక్కి పరిగెత్తక్కర్లేదు.

ఇలాంటివాణ్ణి కాలేజీలో చూసి, రేపు పెద్ద ఆటలో నిలుస్తాడో లేదో ఎలా చెప్పడం?

చాలాకాలం ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. 1952లో లాస్ ఏంజెలెస్ రామ్స్ ఆఫీసుకి ఒక కుర్రాడు చంకలో స్క్రాప్‌బుక్ పెట్టుకుని వచ్చాడు. పేరు డిక్ లేన్. విమానాల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు, అంతకుముందు ఆర్మీ టీమ్‌లో ఆడాడు. తన గురించి వచ్చిన పేపర్ ముక్కలన్నీ అందులో అంటించి తెచ్చాడు. డ్రాఫ్ట్‌లో అతని పేరు లేదు. సరే చూద్దాం అన్నారు. ఆ సీజన్లో, పన్నెండు ఆటల్లో, అతను 14 ఇంటర్‌సెప్షన్లు పట్టాడు. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 'నైట్ ట్రెయిన్' లేన్‌గా చరిత్రలో నిలిచిపోయాడు. ఆ స్క్రాప్‌బుక్ పట్టుకుని తలుపు తట్టడానికి మొహమాటపడి ఉంటే? అలా మొహమాటపడి ఇంట్లో ఉండిపోయినవాళ్ళు ఎంతమందో! వాళ్ళకి చరిత్ర రాయలేం కదా.

1960లో డాలస్ కౌబాయ్స్ కొత్తగా మొదలైంది. మొదటి ఏడాది 12 ఆటల్లో ఒక్కటీ గెలవలేదు. 11 ఓటములు, ఒక డ్రా. జనరల్ మేనేజర్ టెక్స్ ష్రామ్ అంతకుముందు టీవీలో పని చేసినవాడు. 1960 శీతాకాల ఒలింపిక్స్‌లో ఐబీఎం యంత్రాలు ఫలితాలు లెక్కగట్టడం దగ్గరుండి చూశాడు. ఆటగాళ్ళ ఎంపికకి కూడా వీటిని వాడితే? ఆ ప్రశ్నతో ఐబీఎం అనుబంధ సంస్థకి వెళ్తే, వాళ్ళు చూపించిన మనిషి సలాం ఖురేషీ. ఇండియా నుంచి వెళ్ళిన స్టాటిస్టీషియన్. అమెరికన్ ఫుట్‌బాల్‌తో ఆయనకి పరిచయమే లేదు.

బహుశా అదే కలిసొచ్చింది. ఆట తెలిసినవాడైతే స్కౌట్ల మాటకి తలూపేవాడు. తెలియని మనిషి కాబట్టి మొదటి ప్రశ్నే వేశాడు: "మంచి ఆటగాడు" అంటే ఏంటి? ఒక స్కౌట్ "చురుకైనవాడు" అంటే ఇంకో స్కౌట్ అర్థం చేసుకునేది అదేనా? సుమారు మూడు వందల లక్షణాల జాబితాతో మొదలుపెట్టి, వడగట్టి వడగట్టి చివరికి ఐదు దగ్గర ఆగారు. శీలం, ఒంటి చురుకుదనం, పోటీతత్వం, బుద్ధి చురుకుదనం, బలం. ఎవరు చూసినా అవే ప్రశ్నలు, అదే కొలబద్ద.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. కంప్యూటర్, నంబర్లు అనగానే మనం చప్పున మనసులేని వ్యవహారం అనుకుంటాం. కానీ ఆ రోజుల్లో నంబర్ పేదవాడి పక్షాన నిలబడింది. పెద్ద యూనివర్సిటీ కోచ్ ఫోన్ చేసి "మావాడు బంగారం" అంటే టీమ్‌లు నమ్మేవి. మిసిసిపీలోనో లూసియానాలోనో నల్లజాతి కాలేజీలో ఆడే కుర్రాడి తరఫున ఫోన్ చేసేవాళ్ళు తక్కువ. అందరినీ ఒకే కాగితం మీద ఒకే ప్రశ్నలతో కొలిస్తే చిన్న కాలేజీవాడూ పెద్ద కాలేజీవాడి పక్కన నిలబడతాడు. సిఫార్సు ఉత్తరం కన్నా ఎంసెట్ ర్యాంకు నయం అని మన తల్లిదండ్రులు ఎందుకనుకున్నారో, ఇదీ అలాంటిదే.

ఫలితాలూ వచ్చాయి. టీమ్ స్కౌటింగ్ మొత్తం చూసుకునే గిల్ బ్రాంట్ ఎవరూ వెతకని చోట్ల వెతికేవాడు. కార్నర్‌బ్యాక్ కార్నెల్ గ్రీన్ కాలేజీలో ఆడింది బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ కాదు. 1962లో కౌబాయ్స్‌లో చేరి ఐదుసార్లు ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. 1964 డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్లో మెల్ రెన్‌ఫ్రో, ఏడో రౌండ్లో బాబ్ హేస్, పదో రౌండ్లో రోజర్ స్టాబాక్ దొరికారు. ముగ్గురూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళారు. మిగతా టీమ్‌లూ ఒక్కొక్కటిగా ఇదే దారి పట్టాయి.

కాకపోతే ఐదు లక్షణాల్లో నాలుగింటికి ఎవరో ఒకరు మార్కు వెయ్యాలి, అది మళ్ళీ మనిషి అభిప్రాయమే. స్టాప్‌వాచ్‌తో తేలేది మాత్రం వాదనకి అందదు. అందుకని స్టాప్‌వాచ్ మెల్లగా పెత్తనం చేసింది. నలభై గజాలు, అంటే సుమారు 36.6 మీటర్లు, తిన్నగా ఎన్ని సెకన్లలో పరిగెడతాడు? ఇంత దూరమే ఎందుకంటే, పంట్ కొట్టిన బంతి ఇంచుమించు అంత దూరం వెళ్తుందని క్లీవ్‌లాండ్ కోచ్ పాల్ బ్రౌన్ పెట్టిన లెక్క. పంట్ వెనక పరిగెత్తేవాడి కోసం పెట్టిన కొలత కాస్తా అందరికీ కొలత అయికూచుంది. పైగా 1978లో లీగ్ నిబంధన మార్చింది. మొదటి ఐదు గజాలు దాటాక రిసీవర్ని చేత్తో అడ్డుకోకూడదు. చేతులు కట్టేశాక మిగిలింది కాళ్ళే కదా. కార్నర్‌బ్యాక్ అంటే వేగం, వేగం అంటే నలభై గజాలు అనుకోవడం ఇంకా బలపడింది.

సరిగ్గా ఆ సమయంలో వచ్చాడు ఎవర్సన్ వాల్స్.

డాలస్ ఉత్తర భాగంలో హామిల్టన్ పార్క్ అనే నల్లవాళ్ళ పేటలో పెరిగాడు. కౌబాయ్స్ అప్పట్లో ప్రాక్టీస్ చేసే మైదానం అక్కడికి కొద్ది దూరమే. లూసియానాలోని గ్రాంబ్లింగ్‌కి వెళ్ళి చదివాడు. అది చిన్న ఊరే గానీ ఆ కాలేజీ పేరు చిన్నది కాదు. ఎడ్డీ రాబిన్సన్ అనే కోచ్ 1941 నుంచి 1997 దాకా అక్కడే ఉండి 408 ఆటలు గెలిపించాడు. 1949లో రామ్స్‌కి వెళ్ళిన ట్యాంక్ యంగర్ ఆయన శిష్యుడే, నల్లజాతి కాలేజీ నుంచి ఆ లీగ్‌లోకి అడుగుపెట్టిన మొదటివాడు. 1980లో, చివరి ఏడాదిలో, వాల్స్ 11 ఇంటర్‌సెప్షన్లు పట్టాడు. దేశంలో అదే అత్యధికం.

స్కౌట్లు వచ్చారు, చూశారు, నలభై గజాలు పరిగెత్తించారు. 4.7 సెకన్ల పైన. మంచి కార్నర్‌బ్యాక్ 4.5లో రావాలని అంచనా. 0.2 సెకన్లు అంటే నలభై గజాల చివర దాదాపు రెండు గజాల ఎడం. రెండు గజాల ఎడం ఉంటే ఏ రిసీవరైనా తీరిగ్గా బంతి పట్టుకుంటాడు. లెక్క తప్పు కాదు.

1981 ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ జరిగింది. 28 టీమ్‌లు, 12 రౌండ్లు. మూడు వందల ముప్ఫై చిల్లర పేర్లు చదివారు. శాన్‌ఫ్రాన్సిస్కో 49ర్స్ ఎనిమిదో వంతులో రానీ లాట్‌ని, రెండో రౌండ్లో ఎరిక్ రైట్‌ని, మూడో రౌండ్లో కార్ల్‌టన్ విలియమ్సన్‌ని తీసుకుంది. ముగ్గురూ వెనక వరస కాపలాదారులే. వాల్స్ పేరు ఏ టీమూ చదవలేదు. పొరుగునే ఉన్న కౌబాయ్స్, పన్నెండు రౌండ్ల పాటు, వాళ్ళూ చదవలేదు. అంతా అయిపోయాక, ఖాళీగా ఉన్నవాడు, ఊరివాడు, క్యాంపుకి రమ్మన్నారు.

ఆ సీజన్లో వాల్స్ 11 ఇంటర్‌సెప్షన్లు పట్టాడు. మొత్తం లీగ్‌లో అతనిదే మొదటి స్థానం.

స్టాప్‌వాచ్‌కి ఏం కనపడలేదు? నలభై గజాల పరుగులో ఎదురుగా ఎవరూ ఉండరు. తెల్లగీత దగ్గర వంగుని, ముందుకి తిన్నగా పరిగెత్తాలి. కార్నర్‌బ్యాక్ పని మొదలయ్యేదే వెనకడుగుతో. రిసీవర్ గీతకి ఎంత దూరంలో నిలబడ్డాడు, క్వార్టర్‌బ్యాక్ మూడడుగులు వెనక్కి వేసి ఆగాడా, ఇంకా వెళ్తున్నాడా అని చూసి, బంతి ఎటు రాబోతోందో వాడు విసిరేలోపే పసిగట్టేవాడు అర సెకను ముందే బయల్దేరతాడు. అప్పుడు 0.2 సెకన్ల లోటు ఎక్కడ కనిపిస్తుంది? వాల్స్ కళ్ళు రిసీవర్‌తో పాటు క్వార్టర్‌బ్యాక్‌నీ చదివేవి. చేతులు రిసీవర్ చేతులంత నమ్మకమైనవి. కౌబాయ్స్ కోచ్ టామ్ లాండ్రీ కూడా ఆడే రోజుల్లో అదే చోట నిలబడి 32 ఇంటర్‌సెప్షన్లు పట్టినవాడు. ఆ చూపు విలువ ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

నిజానికి ఇదంతా కనపడకుండా దాక్కున్నదేం కాదు. 1980లో పట్టిన 11 బంతులు కూడా నంబరే. కానీ అది చిన్న కాలేజీలో వచ్చిన నంబర్, అవతల ఆడినవాళ్ళ స్థాయి ఏంటో అన్న అనుమానం దాని మీద ఉంది. స్టాప్‌వాచ్ నంబర్ మీద ఆ అనుమానం లేదు. చిన్న కాలేజీ కుర్రాడికి తలుపు తెరవడానికి తెచ్చిన కొలతే, ఇరవయ్యేళ్ళకి, చిన్న కాలేజీ కుర్రాడి మొహం మీద తలుపు వేసింది. ఖురేషీ వేసిన ప్రశ్న మర్చిపోయి, జవాబు పట్టుకు వేలాడితే జరిగేది ఇదే.

1982 జనవరి 10న, శాన్‌ఫ్రాన్సిస్కోలో, 49ర్స్‌తో ఆడిన ఆటలో వాల్స్ రెండు ఇంటర్‌సెప్షన్లు పట్టాడు, జారిపడిన బంతి ఇంకొకటి దొరకబుచ్చుకున్నాడు. కౌబాయ్స్ ఆరు పాయింట్ల ముందంజలో ఉంది. చివరి నిమిషంలో జో మోంటానా పక్కకి పరిగెత్తుతూ విసిరిన బంతిని, ఎండ్ జోన్ వెనక అంచున డ్వైట్ క్లార్క్ గాల్లోకి ఎగిరి వేళ్ళ కొసలతో అందుకున్నాడు. అమెరికన్ క్రీడా చరిత్రలో దానికి 'ది క్యాచ్' అని పేరే పడిపోయింది. ఆ ఫొటోలో క్లార్క్ వెనక చెయ్యి చాచి అందుకోలేకపోతున్నవాడు వాల్స్.

ఆ తర్వాత జరిగింది ఫొటోలో లేదు. కౌబాయ్స్‌కి ఇంకా సమయం ఉంది. డ్రూ పియర్సన్ బంతి పట్టుకుని గోల్ వైపు దూసుకుపోతుంటే, ఎరిక్ రైట్ వెనక నుంచి చొక్కా దొరకబుచ్చుకుని లాగేశాడు. ఆట అక్కడ తేలింది, 28-27. డ్రాఫ్ట్‌లో ఎంపికైన కార్నర్‌బ్యాక్ ఆ ఏడాది విజేత, ఎంపిక కానివాడు ఫొటోలో ఓడినవాడు. స్కౌట్లు చెప్పిందే నిజమైనట్టు కనిపిస్తుంది, ఆ ఒక్క ఫొటో చూస్తే.

ఫొటో కూడా నలభై గజాల పరుగు లాంటిదే. నిజమే చెప్తుంది, కానీ కొన్ని సెకన్ల నిజం. వాల్స్ 1982లో, 1985లో కూడా లీగ్‌లో అందరికన్నా ఎక్కువ ఇంటర్‌సెప్షన్లు పట్టాడు. న్యూయార్క్ జెయింట్స్‌తో 1991 జనవరిలో సూపర్ బౌల్ గెలిచాడు. మొత్తం 57 ఇంటర్‌సెప్షన్లతో ఆట ముగించాడు. 2018లో హాల్ ఆఫ్ ఫేమ్ ఫైనలిస్టుల దాకా వచ్చి ఆగిపోయాడు. 2007లో, కిడ్నీలు పాడైన పాత సహచరుడు రాన్ స్ప్రింగ్స్‌కి తన కిడ్నీ ఒకటి ఇచ్చాడు. ఆ స్ప్రింగ్స్ కొడుకు షాన్ కూడా కార్నర్‌బ్యాకే, 1997 డ్రాఫ్ట్‌లో మూడో వంతులోనే ఎంపికైనవాడు.

1982 నుంచి కాలేజీ ఆటగాళ్ళని ఒకచోటికి పిలిచి పరీక్షించే ఏర్పాటు మొదలైంది. ఇప్పుడది టీవీలో లైవ్ వస్తుంది. నలభై గజాల పరుగుని సెకనులో వందో వంతు దాకా కొలుస్తారు. కొలవడం మానెయ్యాలని నేననను. కొలత లేని రోజుల్లో స్క్రాప్‌బుక్ పట్టుకుని తలుపు తట్టాల్సి వచ్చిందని చూశాం కదా. ఈసారి ఫ్రిస్కో వెళ్ళినప్పుడు, డిన్నర్ అయ్యాక, మీ కజిన్ని అడిగి చూడండి, ఎవర్సన్ వాల్స్ తెలుసా అని. తెలియకపోతే ఆ 11 బంతుల సంగతి ముందు చెప్పండి. ఫొటో తర్వాత చూపించొచ్చు.